హెచ్చరిక: బండి లోపలికి వెళ్తుంది, బయటికి వస్తుందా?

కార్తీకం వచ్చేసింది. వంజంగి మబ్బుల కోసం తెల్లవారకముందే పాడేరు దాటే బండ్ల వరస మొదలైంది. లంబసింగి, మారేడుమిల్లి, హైదరాబాద్ వాళ్లకైతే వికారాబాద్ అనంతగిరి. శనివారం వస్తే చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్న ప్రతివాడికీ తారు వదిలి మట్టిలోకి దిగాలనిపిస్తోంది. దిగండి. కానీ ముందు ఒకసారి షెడ్డుకు వెళ్లి, ఆ తర్వాతే దిగండి. వానాకాలమంతా నాని ఉన్న నేల ఇంకా ఆరలేదు, వాగులు ఇంకా పారుతున్నాయి, తుపాన్ల నెలలు ఇంకా గడవలేదు.

ఫోర్ వీల్ డ్రైవ్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంచుతుంది. బ్రేకు తొక్కినప్పుడు అది ఏ సాయమూ చేయదు. ఆల్టోకూ నాలుగు చక్రాలకే బ్రేకులు, దీనికీ నాలుగింటికే. పైగా దీని బరువు ఎక్కువ. మామూలు కారు మొదటి బురద గుంటలోనే చతికిలబడి యజమానిని ఇంటికి పంపుతుంది. ఇది మాత్రం ఫోను సిగ్నల్ లేని చోటికి, కేకేస్తే పలికేవాళ్లు లేని చోటికి తీసుకెళ్లి అక్కడ ఆగుతుంది.

ముందు మీది నిజంగా ఫోర్ వీల్ డ్రైవేనా చూసుకోండి. నవ్వకండి. 2023 జనవరి నుంచి థార్ వెనక చక్రాలు మాత్రమే లాగే రకంలోనూ దొరుకుతోంది. బయటినుంచి చూస్తే రెండూ అన్నదమ్ములే. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే మరీ జాగ్రత్త. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా, దాన్ని వేసే రాడ్డును నెలల తరబడి కదపకపోతే అవసరమైన రోజున అది కదలనని మొరాయిస్తుంది. నెలకోసారి మట్టి నేల మీద కాస్త దూరం ఫోర్ హెచ్‌లో (ఎక్కువ వేగపు రేంజ్) నడపాలి. పొడి తారు మీద వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. థార్, జిమ్నీ లాంటి బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కనుక, ఆ తేడా పోయే దారి లేక యంత్రంలోనే మెలిపడుతుంది.

ఇక అసలు భయం బ్రేక్ ఆయిల్. ఇంజిన్ ఆయిల్ గురించి అడిగి మరీ మార్పించుకునేవాళ్లు కూడా బ్రేక్ ఆయిల్ డబ్బా చూసి "నిండుగానే ఉందిగా" అంటారు. నిండుగానే ఉంటుంది. కాకపోతే ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. ఘాట్‌లో కాలు తీయకుండా బ్రేకు తొక్కుతూ దిగితే డిస్కుల వేడి ఆ ద్రవం దాకా చేరుతుంది. అది మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే ఉన్నట్టుండి పెడల్ మెత్తబడి నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్‌తో ఘాట్ ఎక్కడమే తప్పు. ఎక్కినవాడు దిగాలి కదా.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఇంకా చావలేదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు ఇంధనాన్ని దాదాపుగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే తాగుతాయి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత లారీ డ్రైవర్లు క్లీనర్లకు నేర్పిన మాట ఇప్పటికీ పనిచేస్తుంది. నిటారు మట్టి దిగుడులోనైతే ఫోర్ ఎల్ (తక్కువ వేగపు రేంజ్), మొదటి గేరు, క్లచ్ మీద కాలు పెట్టకూడదు. ఎక్కుతూ సగంలో ఇంజిన్ ఆగిపోతే బండిని అడ్డంగా తిప్పే ప్రయత్నం అసలు చేయకండి, దొర్లిపోతుంది. బ్రేకు మీద పట్టి ఉంచి, రివర్స్ గేరు వేసి, వచ్చిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగాలి.

వాగుల సంగతి. 2023 డిసెంబరులో హిమాచల్‌లోని లాహౌల్‌లో ఒకరు చంద్రా నదిలో థార్ నడుపుకుంటూ పోయిన వీడియో దేశమంతా తిరిగింది. పోలీసులు చలానా రాశారు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం నీళ్లు చీల్చుకుంటూ పోయే బండే. కంపెనీ కాగితం మీద 650 మిల్లీమీటర్ల నీటి లోతు అని ఉన్నా, నీటి వేగం గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. పారే నీరు ఒక అడుగుంటే చిన్న కారును, రెండడుగులుంటే చాలా బండ్లను తోసుకుపోగలదు. ఏజెన్సీలో మీ తల మీద చినుకు లేకపోయినా పై కొండ మీద పడ్డ వాన వాగులో దిగుతుంది. కాలినడకన దాటడానికి జంకే చోట బండి దింపొద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే తాళం తిప్పి స్టార్ట్ చేయబోకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే అది నలగదు, బదులుగా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ విప్పాల్సిందే.

ఇవన్నీ దాటి వచ్చినవాళ్లను కూడా దెబ్బతీసేది బురదలోంచి లాగే ఘట్టం. దిగబడ్డ బండి చుట్టూ ఇరవై మంది చేరతారు, సగం మంది చేతుల్లో ఫోన్లు. పక్క పొలంలోంచి ట్రాక్టర్ వస్తుంది. గొలుసు ఒక కొస ట్రాక్టర్‌కు, రెండో కొస బంపర్ కింద చేతికందిన కొక్కేనికి. "అన్నా, ఒక్క గుంజు గుంజు!" ట్రాక్టర్ కాస్త వెనక్కొచ్చి, గొలుసు వదులు చేసి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. గొలుసు సాగదు కనుక ఆ కుదుపంతా కొక్కెం మీదే పడుతుంది. ఆ కొక్కెం చాలాసార్లు బండిని లారీ మీద ఎక్కించినప్పుడు కదలకుండా కట్టేయడానికి పెట్టింది, లాగడానికి కాదు. టూల్ కిట్‌లో వచ్చే మర కొక్కెం కూడా చెడిపోయిన బండిని రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లడానికే. తెగితే ఇనుప ముక్క తుపాకి గుండై అద్దం పగలగొట్టుకుని లోపలికొస్తుంది. సాగే పట్టీలు కొన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ పట్టీ బలాన్ని దాచుకుని ఒక్కసారి వదులుతుంది. ట్రైలర్ తగిలించే గుండుకు అలాంటి పట్టీ కట్టి లాగితే, ఆ గుండు ఊడి తగిలి ఆస్ట్రేలియాలో మనుషులే చనిపోయారు.

కనుక ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, ఎంత బరువు తట్టుకుంటుందో తెలిసిన కొక్కేలు ముందూ వెనకా పెట్టించాకే అడవి మాటెత్తండి. పట్టీ మధ్యలో తడి గోనెసంచో దుప్పటో వేయండి. పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల మనిషి ఉండకూడదు. సెల్ఫీ తీసేవాణ్ని తిట్టయినా పంపేయండి. అసలు గుంజే ముందు పార తీయండి. చక్రాల ముందు బురద తవ్వి, టైర్లలో గాలి ఇరవై పీఎస్‌ఐ దరిదాపులకు తగ్గిస్తే సగం బండ్లు వాటంతటవే బయటికొస్తాయి. తారెక్కగానే గాలి మళ్లీ కొట్టాలి, అందుకు చిన్న కంప్రెసర్ కావాలి. పార, కంప్రెసర్ రెండూ కలిపినా పైకప్పు మీద పెట్టించుకునే లైట్ల వరస ధర కాదు. స్టెప్నీ ఎన్నేళ్ల నాటిదో కూడా చూడండి. టైరు పక్క గోడ మీద అచ్చొత్తిన నాలుగంకెల్లో 3419 అని ఉంటే అది 2019లో 34వ వారం తయారైంది.

బుల్‌బార్లు, మితిమీరిన టైర్లు పెట్టించినవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోవాలి. 2019 సవరణ ప్రకారం అక్రమంగా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. బుల్‌బార్ ఉంటే ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోయే ప్రమాదం వేరే.

తిరిగొచ్చాక వాటర్ సర్వీసింగ్ చేయించి సంబరపడిపోకండి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగులో దిగినప్పుడు లోపలి గాలి కుదించుకుని, గాలి గొట్టం నుంచో అరిగిన సీలు నుంచో నీటిని పీలుస్తుంది. మెకానిక్‌తో డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు విప్పించండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కారితే నీళ్లు చేరాయన్నమాట. అదే రోజు మార్చాలి. వదిలేస్తే బేరింగులు వచ్చే ట్రిప్పులో అరుస్తాయి.

అధికారులకూ చెప్పాల్సింది ఉంది. అద్దెకు తిరిగే జీపుకు ఎనిమిదేళ్ల వయసు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత బండికి మాత్రం 15 ఏళ్ల దాకా బ్రేకులెలా ఉన్నాయని అడిగేవాడే లేడు. కొండ దారుల మొదట్లో ఈ సీజన్‌లోనైనా రవాణా, పోలీసు, అటవీ శాఖలు కలిసి ఒక తనిఖీ కేంద్రం పెట్టి, బ్రేకు, టైర్లు, కొక్కెం చూసి పంపాలి. వాగు మీద కాజ్‌వే ఉన్న ప్రతిచోటా లోతు చూపే రాయి నాటాలి. నల్లమలలో, పాపికొండల్లో అనుమతి లేకుండా దారి వదిలి లోపలికి దూరినవాళ్లపై 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెట్టాలి. బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపెక్కే పర్యాటకులకూ ఒక మాట: వెనక మెట్టు మీద నిలబడమంటే ఎక్కకండి, ఇంకో జీపు వచ్చేదాకా ఆగండి.