ఖర్చులేని చావు

చిన్న నిర్మాత ఎవరైనా సినిమా తీస్తానని బయల్దేరితే అతనికి ఎక్కువగా దొరికే సలహా, దెయ్యం కామెడీ తియ్యమని. పెద్ద హీరో డేట్ల కోసం పడిగాపులు పడనక్కర్లేదు. ఊరి చివర ఒక పాత బంగళా, నలుగురు హాస్యనటులు, ఒక కొత్తమ్మాయి, కాస్త పొగ ఉంటే కథ నడిచిపోతుంది. సగం సినిమా చీకట్లోనే కాబట్టి సెట్టులో లోపాలూ కనపడవు. ఈ లెక్కంతా ముందే వేసుకుంటారు. పద్దులోకి ఎక్కని సరుకు మాత్రం ఒకటి మిగిలిపోతుంది. అది చచ్చిపోయిన ఆడమనిషి. ఆమె లేకపోతే ఆ బంగళాలో భయం లేదు, భయం లేకపోతే నవ్వూ లేదు. అయినా స్క్రిప్టు బాగుందో లేదో తేల్చేవాళ్ళు ఆమె గురించి ఒక్క ప్రశ్నా వెయ్యరు.

షూటింగుకి ముందు స్క్రిప్టుని బయటివాళ్ళ చేత చదివించి అభిప్రాయం రాయించుకోవడం ఇప్పుడు చాలా సంస్థలు చేస్తున్నాయి. సాహిత్యం చదివిన స్త్రీలకు ఆ పని రావడం మంచిదే. నాకూ ఒక చిన్న సంస్థ నుంచి అలాంటి స్క్రిప్టు వచ్చింది. 112 పేజీలు. దాంతోపాటు ఒక ఫారం. కథ, పాత్రలు, సంభాషణలు, వేగం, హాస్యం, భయం, బడ్జెట్, మార్కెట్ అని ఎనిమిది అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. అట్టడుగున ఇంకో గడి: 'స్త్రీల కోణంలో అభ్యంతరాలుంటే రాయండి.' మార్కులు లేని గడి అదొక్కటే. అంటే మా అభ్యంతరం ఎంత బలమైనదైనా స్క్రిప్టు విలువలో ఒక్క మార్కూ తగ్గదన్నమాట!

నలుగురు కుర్రాళ్ళు అద్దెకు దిగిన ఇంటి పెరట్లో బావి, బావిలో ఒక అమ్మాయి. ఆమె పేరు మొదటిసారి వినపడేది 71వ పేజీలో. అప్పటిదాకా స్క్రిప్టు ఆమెను 'దెయ్యం' అనీ 'ఆకారం' అనీ 'అది' అనీ అంటుంది. బతికున్న మనిషిగా ఆమెకు దక్కినవి తొమ్మిది పేజీలు. వాటిలో ఆరు అత్యాచారానికీ హత్యకీ పోయాయి. మిగిలిన మూడింటిలో ఒక పాట, ఒక పుట్టినరోజు. ఆమె ఏం చదువుతోందో, ఇంట్లో ఎవరితో పోట్లాడేదో, ఏమంటే పగలబడి నవ్వేదో ఎక్కడా లేదు. హాస్య స్క్రిప్టులో ఒక్క జోకూ వెయ్యని మనిషి ఆమె ఒక్కతే.

ఈ లెక్కంతా రాసి పంపితే వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది. "మీరన్నది నిజమే మేడమ్. కానీ ఇది కామెడీ కదండీ. ఆ పాత్ర లోతుకి వెళ్తే బడ్జెట్ పెరిగిపోతుంది."

ముందు ఆ బడ్జెట్ సంగతే చూద్దాం. ఆరు పేజీల అత్యాచార దృశ్యానికి రాత్రి షూటింగు కావాలి, వాన కావాలి, నలుగురు విలన్లు కావాలి, ఫైట్ మాస్టరు కావాలి. ఆ అమ్మాయి వంటింట్లో తమ్ముడితో వేళాకోళమాడే అరపేజీ దృశ్యానికి ఏం కావాలి? ఉన్న ఇల్లే, ఉన్న నటే. పైగా పగలు తీసుకోవచ్చు. ఆమె నోటికి ఒక మంచి మాట ఇవ్వడానికయ్యే ఖర్చు కలంలో సిరా. కాబట్టి డబ్బు లేక ఆమెను మనిషిగా రాయలేదన్నది అబద్ధం. డబ్బు ఖర్చుపెట్టి మరీ ఆమె చావుని రాసుకున్నారు. రచయితకి ఇది తెలియకపోవచ్చు. విలువ కట్టేవాళ్ళకి తెలియాలి కదా.

ఇది ఒక్క స్క్రిప్టు దోషం కాదు. 2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' ఈ తరహా సినిమాలకు పెద్ద ఊపునిచ్చింది. 2015లో 'డార్లింగ్' పేరుతో తమిళంలోకీ వెళ్ళింది. ఆత్మహత్య చేసుకుందామని గెస్ట్‌హౌస్‌కి చేరిన స్నేహితులు, వాళ్ళలో ఉన్న అమ్మాయిని పూనే ఇంకో స్త్రీ ఆత్మ. నాయకుడు దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ అమ్మాయిలోంచి దెయ్యం లేచి తంతుంది, హాలు గొల్లుమంటుంది. ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి. మగవాడు మీదికొస్తుంటే వద్దని తోసేసే స్త్రీ తెరమీద ఉంది. ఆ 'వద్దు' ఆమె సొంతమైతే కథ ఆగిపోతుంది. దెయ్యానిదైతే నవ్వొస్తుంది. బతికున్న స్త్రీకి తన ఒంటి మీద లేని అధికారం చచ్చిన స్త్రీ దగ్గర అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. అదీ దెయ్యం వదిలేదాకానే.

'దెయ్యం పగ తీర్చుకుంటోంది కదా, ఇంతకంటే స్త్రీవాదం ఏముంటుంది?' అని అడిగేవాళ్ళున్నారు. స్క్రిప్టు చర్చల్లో ఈ మాట నాకూ వినిపించింది. ఇది వినడానికి బాగుంటుంది గానీ ఇందులో మెలిక ఉంది. ఆ కోపం రావడానికి ఆమె ముందు చావాలి. ఫిర్యాదు చేసి, కోర్టుకెక్కి, బతికుండి కోపగించుకునే స్త్రీ ఈ కథలకు పనికిరాదు. ఆ కోపానికి సొంత శరీరం కూడా ఉండదు, ఇంకో అమ్మాయి ఒంట్లో దూరాలి. ఆఖర్న పగ తీరగానే ఆమె పొగలా వెళ్ళిపోవాలి, ఆ అమ్మాయి మళ్ళీ సిగ్గుపడే నాయికై నాయకుడి భుజం మీద వాలాలి. చచ్చి, అద్దెకుండి, ఖాళీచేసి వెళ్ళిపోయే కోపం ఎవరికి ప్రమాదం? పితృస్వామ్యానికి ఇంతకంటే సౌకర్యమైన తిరుగుబాటు దొరకదు.

మన ఊళ్ళకి పూనకం కొత్తది కాదు. అత్తింట్లో నోరెత్తని కోడలు ఒకరోజు జుట్టు విరబోసుకుని మామగారిని 'ఒరేయ్' అంటుంది. ఆ పూట ఆమె మాట చెల్లుతుంది, ఎందుకంటే అది ఆమె మాట కాదు. పూనకాన్ని అధికారం లేనివాళ్ళు చాటుగా చేసే నిరసనగా చూడొచ్చని మానవశాస్త్రవేత్త ఐ.ఎం. లూయిస్ 1971లోనే రాశాడు. మనకైతే పుస్తకం దాకా పోనక్కర్లేదు. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ పాలకులు సరిగా చెయ్యలేదని మందలిస్తుంది, వాళ్ళు చేతులు కట్టుకుని వింటారు. అదే ఆవేశం అమ్మవారిదని కాక దెయ్యానిదని తేలితే వేపమండలతో బాదుతారు. బాణామతి చేస్తున్నారన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. దెయ్యం కామెడీలో భూతవైద్యుడి చేతిలో మండ చూసి నవ్వే ముందు, ఆ దెబ్బలు నిజంగా తిన్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారని స్క్రిప్టుకి గుర్తుండాలి.

1990లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న ఊళ్ళు మనకు గుర్తే. బెంగళూరులో అదే 'నాళే బా'. ఇళ్ళన్నీ కలిసి ఒక ఆడదాన్ని వాయిదా వేశాయి. అక్షరం చదివి, నమ్మి, వెనక్కి వెళ్ళిపోయే మర్యాదస్తురాలు ఆ దెయ్యం! ఆ హాస్యాన్ని పట్టుకున్నది 2018 నాటి హిందీ 'స్త్రీ'. రాసినవాళ్ళు తిరుపతిలో చదువుకున్న రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. చందేరీ మగవాళ్ళు రాత్రయితే బయటికి రావడానికి భయపడటం, ఒంటరిగా వెళ్ళొద్దని ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకోవడం, చీరల్లో దాక్కోవడం చూసి నేనూ నవ్వాను. నవ్వు ఎటువైపు తిరగాలో తెలిసిన స్క్రిప్టు అది. ఆ దెయ్యం ఆశించేది ప్రేమా గౌరవమూ అని కూడా దానికి తెలుసు. అయినా ఆమె జడ కొయ్యకుండా ఉండలేకపోయింది. దెయ్యానికి 'స్త్రీ' అన్నదే పేరు, నాయికకైతే పేరే లేదు. 2023లో మలయాళంలో తక్కువ ఖర్చుతో వచ్చి పెద్ద విజయం సాధించిన 'రోమాంచం'లో బెంగళూరు గదిలో ఏడుగురు కుర్రాళ్ళుంటారు, ఒక్కొక్కడికీ ఒక స్వభావం, ఒక బద్ధకం, ఒక అప్పు. వాళ్ళు పిలిచిన దెయ్యం పేరు అనామిక. పేరు లేనిదని అర్థం. ఇంతమంది రచయితలకి ఇదే తట్టడం కాకతాళీయమంటే నేను నమ్మను.

ఇక నవ్వు. 'ఇది కామెడీ కదా' అన్నవాళ్ళకి హాస్యం మీద గౌరవం లేదని నా ఆరోపణ. గౌరవం ఉంటే ఎవరి మీద నవ్వుతున్నామో చూసుకునేవాళ్ళు. మేకప్ లేని భార్యను చూసి దడుసుకునే భర్త, నల్లగా ఉన్న అమ్మాయి ఎదురైతే దెయ్యమనుకుని కేకపెట్టే నౌకరు, లావుపాటి స్త్రీ కూర్చుంటే విరిగే కుర్చీ. నా చేతికొచ్చిన స్క్రిప్టులో ఈ మూడూ ఉన్నాయి. ఆ నౌకరుకి కులం పేరు చెప్పలేదు గానీ యాసతో, తిండితో, భయంతో చెప్పకనే చెప్పారు. 2011లో తమిళం నుంచి వచ్చిన 'కాంచన'లో ట్రాన్స్ స్త్రీకి ఫ్లాష్‌బ్యాక్‌లో గౌరవం దక్కిన మాట నిజమే. ఆ పాత్ర వేసింది మాత్రం శరత్‌కుమార్. ఆమె ఆత్మ నాయకుణ్ణి పూనిన తర్వాత అతని నడకలో, చీరలో, చేతి తిప్పుడులో స్త్రీత్వమే జోకు. ఒక చేత్తో దండం పెట్టి రెండో చేత్తో వెక్కిరించడమే ఇది.

మరోలా రాయడం కుదరదా? 2017లో 'ఆనందో బ్రహ్మ' మనుషుల్ని చూసి దెయ్యాలే భయపడేలా కథను తిప్పింది. 2025లో సమంత నిర్మించిన 'శుభం' పెద్ద హీరో లేని చిన్న సినిమా. భీమునిపట్నంలో రాత్రి సీరియల్ మొదలవగానే భార్యలకి దెయ్యాలు పడతాయి. ఆ దెయ్యాలకు కావాల్సింది సీరియల్ ముగింపు. భార్యను ఎలా అదుపులో పెట్టాలో ఒకరికొకరు పాఠాలు చెప్పుకునే భర్తలు వణికిపోతారు. కథ ఆ భర్తల కళ్ళతోనే నడుస్తుందన్న అసంతృప్తి నాకుంది. అయినా భయానికీ నవ్వుకీ ఒక అమ్మాయి మీద అత్యాచారమే మూలధనం కానక్కర్లేదని ఆ సినిమా చూపించింది. ఖర్చు సాకు చెప్పేవాళ్ళు దానికి జవాబు చెప్పాలి.

మనవైపు కూడా ఒక మాట అనాలి. విశ్వవిద్యాలయాల్లో మనం 'జేన్ అయిర్'లో అటక మీద బంధించిన బెర్తా గురించి సెమినార్లు పెడతాం. గిల్బర్ట్, గుబార్‌లు 1979లో రాసిన పుస్తకాన్ని పాఠం చెప్తాం. చౌకబారు హారర్‌ను కారల్ క్లోవర్ 1992లోనే పుస్తకంగా చర్చించిందని ఉటంకిస్తాం. పక్కవీధి థియేటర్లో బావిలోంచి లేచొచ్చే అమ్మాయిని మాత్రం 'మాస్ సినిమా' అని వదిలేస్తాం. మన విద్యార్థినులు చూస్తున్నది ఆ సినిమానే. మన దగ్గర చదివిన ఆడపిల్లలే రేపు ఆ సిట్టింగుల్లో ఒకే ఒక్క ఆడమనిషిగా కూర్చుని 'స్త్రీల కోణం' గడి నింపుతారు. వాళ్ళ చేతికి మనం ఏ పనిముట్లు ఇస్తున్నాం?

నేనైతే ఆ విడి గడిని తీసెయ్యమంటాను. స్త్రీల కోణం అభ్యంతరాల జాబితా కాదు, అది స్క్రిప్టు నాణ్యతకు సంబంధించిన విషయం. పాత్రలకు మార్కులు వేసేటప్పుడే అడగాలి: చనిపోయిన స్త్రీ పేరు ఎన్నో పేజీలో వస్తుంది? చావుకి ముందు ఆమెకంటూ ఒక కోరిక, ఒక చిలిపితనం ఉన్నాయా? ఫ్లాష్‌బ్యాక్‌లో హింసకెన్ని పేజీలు, బతుక్కెన్ని? హాస్యానికి మార్కులు వేసేటప్పుడు అడగాలి: ఎవరు నవ్విస్తున్నారు, ఎవరి రంగు, ఒళ్ళు, యాస మీద నవ్వుతున్నారు? పూనకం వదిలాక కథానాయికకి తన నోట వచ్చిన మాటల్లో ఒక్కటైనా మిగిలిందా? జవాబులు సరిగా లేకపోతే మార్కులు తగ్గించాలి. పదికి రెండేస్తే నిర్మాత తప్పకుండా చదువుతాడు. మార్కుల్లేని అభ్యంతరాన్ని చదవడు.

ఇవన్నీ చేస్తే మళ్ళీ పిలవరేమో అని ఒక మిత్రురాలు హెచ్చరించింది. ఆ సంస్థ నన్ను మళ్ళీ పిలవని మాట నిజమే. పిలిచిన చోటల్లా పదిమందిమి ఇవే ప్రశ్నలు వేస్తే వాళ్ళకి పదకొండో మనిషి దొరకడం కష్టమవుతుంది. అందుకే ఇది నా ఒక్కదాని నివేదికలో ఉండిపోకుండా ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గరికి అలాంటి ఫారం వస్తే అట్టడుగు గడి కొట్టేసి, పైనున్న ఎనిమిదింటిలోనూ ఆ బావిలో అమ్మాయి గురించి అడగండి.