గుసగుస కూడా అంటరానితనమే

ముఖం మీద కులం పేరెత్తి తిడితే కేసవుద్ది. ఆ సంగతి ఊరి పెద్దమనుషులకు బాగా తెలుసు. అందుకే ముఖం మీద అనరు. టీ కొట్టు కాడ అంటారు. స్టాఫు రూములో తలుపు దగ్గరకేసి అంటారు. "ఆమె చెయ్యి శుభ్రం ఉండదంట." "బియ్యం ఇంటికి మోస్తందంట." అంట, అంట, అంట! ఈ "అంట"కు తల్లీ లేదు, తండ్రీ లేడు. అన్నోడెవడో తేలదు. కానీ ఆమె పని పోద్ది, ఇంట్లో పొయ్యి ఆరిపోద్ది.

బడి వంటశాలనే తీసుకోండి. ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్లీ చెప్పింది. అన్ని కులాల పిల్లలూ ఒకే వరుసలో కూర్చుని మన చేతి కూడు తింటే రేపటి ఊరు మారుద్ది. కులపోళ్ల భయమంతా అదే.

2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఏం జరిగింది? ఒక బడిలో దళిత వంటామె వండిన అన్నం అగ్రకులాల పిల్లలు ముట్టలేదు. నియామకం పద్ధతి ప్రకారం జరగలేదని చెప్పి అధికారులు ఆమెను తీసేశారు. గొడవ పెద్దదయ్యాక మళ్లీ పనిలోకి తీసుకున్నారు. తీసేసినప్పుడు చెప్పిన కారణంలో కులం మాటే లేదు. గమనించారా? పిల్లలు పుడుతూనే కులం నేర్చుకురారు. పెద్దోళ్ల మాటలు చెవిన పడే నేర్చుకుంటారు.

మన ఊళ్లలోనూ వరస ఇదే. ముందు గుసగుస. తర్వాత "పిల్లలు తినట్లేదండీ" అని ఫిర్యాదు. ఆపైన "ఎందుకొచ్చిన గొడవ" అని హెడ్మాస్టరు నసుగుడు. చివరకు వంట ఏజెన్సీ మారుద్ది. మెమో లేదు, విచారణ లేదు. నిజంగా బియ్యం తగ్గితే స్టాకు రిజిస్టరు తియ్యండి, తూకం వెయ్యండి! ఆ పని ఎవరూ చెయ్యరు. తూకం వేస్తే నిజం బయటపడుద్ది గదా!

ఆఫీసుల్లో చదువుకున్న మన పిల్లలకూ ఈ పోటు తప్పదు. "కోటాలో వచ్చాడు, వాడికేం వచ్చు" అంటారు. ఆడకూతురైతే నడవడిక మీద కథ అల్లుతారు.

చట్టం ఏమంటుంది? బయటి వాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య చేసిన దూషణ "ప్రజల కంటికి కనబడే చోటు" కిందకు రాదని 2020లో సుప్రీంకోర్టు అన్నది. గుసగుసరాయుళ్లకు ఆ సందు చాలు. అయితే ఆ గుసగుస ముదిరి వెలివేత దాకా వస్తే లెక్క వేరు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరం. చేస్తామని బెదిరించినా నేరమే.

ఇంకో చేదు మాట. ఈ "అంట"ను మోసే వాళ్లలో మనోళ్లూ ఉన్నారు. మాలామె మీద మాదిగ వాడలో, మాదిగామె మీద మాలపల్లెలో ఇదే మాట తిరుగుద్ది. ఇద్దరూ కొట్టుకు చస్తే ఏజెన్సీ పోయేది దొర మనిషి చేతికే.

అందుకని అన్నలారా, అక్కలారా! "అంట" అన్నోణ్ణి అక్కడే నిలేయండి: ఎవరన్నారు? ఎప్పుడు చూశారు? పని నుంచి తప్పుకోమంటే కారణం కాగితం మీద అడగండి. తేదీ, సాక్షుల పేర్లు రాసిపెట్టుకోండి. సంఘం మీటింగులో ముందు ఆ అక్క మాట వినండి, తర్వాతే నోరు విప్పండి. బహిష్కరణ మొదలైతే పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్ కమిటీ ముందు పెట్టించండి.

చాటున అన్న మాటను నలుగురిలోకి లాగుదాం. మన అక్క గరిటె మన అక్క చేతిలోనే నిలబెడదాం!