చేతులు ఖాళీ.. మరి ధ్యాస?

ఒకప్పుడు బళ్లారి దాటి గుంతకల్లు వైపు వెళ్లామంటే మనకు వచ్చే కాల్‌కు కూడా రోమింగ్ చార్జీ పడేది. ఫోన్ మోగితే పేరు చూసి కట్ చేసి, ఎక్కడో ఎస్టీడీ బూత్ కనిపించాక బండి ఆపి మాట్లాడేవాళ్లం. ఇప్పుడు ఆ బాధ లేదు. అటు పుట్టిల్లు, ఇటు అత్తారిల్లు.. ఎవరు చేసినా వెంటనే ఎత్తాల్సిందే! అప్పుడు డబ్బుకు భయపడి బండి ఆపాం. ఇప్పుడు ప్రాణానికి భయపడి కూడా ఆపడం లేదు.

చెయ్యి తగలకుండా కాల్ ఎత్తే ఏర్పాట్లు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నాయి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టచ్, అందులో కాల్ ఆడియో రూటింగ్‌కు వెళ్లి ఆటో ఆన్సర్ పెట్టుకుంటే, మనం చెప్పినన్ని సెకన్లకు కాల్ దానంతటదే కలుస్తుంది. అక్కడే స్పీకర్ ఎంచుకుంటే మాట గదంతా వినిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇయర్‌ఫోనో బ్లూటూతో తగిలించి ఉంటేనే ఇది పనిచేస్తుంది.

ఈ ఏర్పాటు కావలసిన వాళ్లు నిజంగా ఉన్నారు. పక్షవాతంతో మా పెద్దమ్మకు రెండు చేతులూ స్వాధీనంలో లేవు. రాయదుర్గం నుంచి కూతురు ఫోన్ చేసి ‘అమ్మా, తింటివా?’ అని అడిగితే, ఎవరి సాయమూ లేకుండా జవాబు చెబుతోంది. జీన్స్ కుట్టే చోట మిషన్ ఆపిన వాళ్లకు, పిండి కలిపే చేతులకు కూడా ఇది వరమే. ఒక్క జాగ్రత్త! తెలియని నంబరు కూడా అలాగే కలుస్తుంది. ఇంట్లో మాటలు అవతలి వాళ్ల చెవిన పడతాయి.

బండి మీద మాత్రం ఇది వరం కాదు. ఓసారి గుంతకల్లు రోడ్డులో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వస్తున్నా. ‘వచ్చేటప్పుడు వంకాయలు తెస్తారా?’ అని మా ఇంటామె అడిగింది. ఎన్ని కేజీలో లెక్క వేసుకుంటూ ఉండగానే ముందు ఆగిన ట్రాక్టర్! అడుగు దూరంలో బ్రేక్ పడింది. అప్పుడు నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. లేనిది ధ్యాసే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఫోన్ వాడుతూ నడిపితే ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువ. హ్యాండ్స్‌ఫ్రీ అయినంత మాత్రాన పెద్దగా తేడా ఉండదట. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద, ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే మొదటిసారి రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. చట్టం చేతిని పట్టుకోగలదు. ధ్యాసను ఎవరు పట్టుకుంటారు?

ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ పెట్టుకుంటే మనం బండి నడుపుతున్నామని దానంతటదే మెసేజ్ పోతుంది. ఆ మాట మనకు నచ్చినట్టు తెలుగులోనే రాసుకోవచ్చు: ‘బండి మీద ఉన్నా, ఆపి చేస్తా.’ ఆ సదుపాయం లేని ఫోన్ ఉన్నవాళ్లు మోగనిచ్చి, ఓ చెట్టు నీడన ఆపి తిరిగి చేస్తే సరిపోతుంది. ఎస్టీడీ బూత్ దగ్గర ఆగిన వాళ్లమే కదా మనం!