లోపలి బిళ్లలు ఏం చెబుతాయి?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. పల్లెల్లో ఇది తెలియనివారుండరు. ఆ బిళ్లే లింఫ్ గ్రంథి. ఇలాంటివే పొత్తికడుపు లోపలా ఉంటాయి, చేతికి మాత్రం తగలవు. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ వస్తే తరచూ పాకేది వీటిలోకే.

లింగాల మండలంలో చీనీ తోట పనికెళ్లే యాభై ఏళ్ల ఆవిడ ఉందనుకుందాం. ముట్లుడిగిన రెండేళ్లకు మళ్లీ రక్తం కనబడింది. 'వేడి చేసిందిలే' అన్నారు ఇరుగుపొరుగు. ఆర్నెల్లు గడిచాక పులివెందుల, అక్కణ్నుంచి కడప, ఆపైన పెద్దాసుపత్రి. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది. కొడుకు అడిగే మొదటి మాట: 'ఎన్నో స్టేజి సార్?'

2018కి ముందు ఈ స్టేజిని ప్రధానంగా చేతి పరీక్షతోనే తేల్చేవారు. జబ్బు ఎక్కువగా ఉన్న పేద దేశాల్లో స్కానింగులు అందరికీ అందవు మరి. ఆ ఏడాది స్త్రీ వైద్య నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య 'ఫిగో' పద్ధతి మార్చింది. కణితి చిన్నదే అయినా కటి భాగపు గ్రంథుల్లోకి పాకితే మూడో స్టేజిలో 'సి1'. ఇంకా పైకి, బృహద్ధమని పక్క గ్రంథులదాకా వెళితే 'సి2'. స్కానింగులో కనబడినా లెక్కే.

ఎందుకింత పట్టింపు? అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు 101 మందికి పెట్ స్కాన్ చేసి 2001లో ఫలితాలు ప్రకటించారు. పైవరుస గ్రంథులు సీటీలోనూ పెట్‌లోనూ శుభ్రంగా ఉన్నవారిలో రెండేళ్లపాటు జబ్బు ముదరనివారు 64 శాతం. సీటీలో బాగుండి పెట్‌లో మాత్రం మెరిసినవారిలో 18 శాతమే! సీటీ గ్రంథి సైజు చూస్తుంది. అడ్డం కొలత సెంటీమీటరు దాటితే అనుమానిస్తారు. పెట్ అయితే కణాలు గ్లూకోజును ఎంత మింగుతున్నాయో చూస్తుంది.

మెరిసిందల్లా క్యాన్సరూ కాదు. మన దగ్గర క్షయ ఎక్కువ. క్షయ బిళ్లలూ అలాగే మెరుస్తాయి. అందుకే అనుమానం ఉన్నచోట సూదితో తీసి చూడాల్సి వస్తుంది. మరీ సూక్ష్మంగా పాకింది పెట్‌కూ చిక్కదు.

ఆ 18 శాతం చూసి డీలా పడనక్కర్లేదు. అవి పాతికేళ్ల కిందటి లెక్కలు. ఇప్పుడు బిళ్లలు ఎక్కడున్నాయో తెలిస్తే రేడియేషన్‌ను అక్కడిదాకా పెంచుతారు, ఆ బిళ్లలకు మోతాదు కాస్త ఎక్కువ ఇస్తారు, తోడుగా కీమో ఉంటుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. 'గర్భసంచి తీసేస్తే పోతుందిగా' అని స్కానింగ్ లేకుండానే ఆపరేషన్‌కు తొందరపడటం. గ్రంథులకు పాకిందని ముందే తెలిస్తే సాధారణంగా ఆపరేషన్ జోలికి పోరు, నేరుగా రేడియేషన్, కీమో మొదలుపెడతారు. తొందరపడి కోస్తే ఆవిడకు ఆ కోతా తప్పదు, తర్వాత రేడియేషనూ తప్పదు.

చికిత్స ముగిసిన మూడు నెలలకు మళ్లీ పెట్ చేస్తే బిళ్లలు ఆరిపోయాయో లేదో తెలుస్తుంది. అప్పుడు పోల్చడానికి మొదటి స్కాన్ సీడీ, ఫిల్ములు కావాలి. వాటిని ఇంట్లో బీరువాలో వదిలేయకుండా సంచిలో పెట్టుకుని బస్సెక్కాలి.