లాబ్‌కి తలుపు తాళం ఒక్కటే చాలదు

కాలేజీలో కొత్త కంప్యూటర్ లాబ్ వస్తోందనగానే అందరం అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని సిస్టమ్స్? అరవయ్యా, ఎనభయ్యా? వాటిల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు ఉందా అని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

బెంచీలకు డబ్బుంటుంది, ప్రారంభోత్సవంలో శాలువాలకూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో దొంగ కాపీ దిగుతుంది. నీతి మాట అలా ఉంచండి. ఆ కాపీ పట్టుబడకూడదని అప్‌డేట్లు ఆపేస్తారు చూశారూ, అసలు ప్రమాదం అక్కడుంది! 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతటా ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ కన్నం పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్న యంత్రాలు నిలిచాయి.

మరి డబ్బెక్కడిది అంటారా? లినక్స్, లిబ్రే ఆఫీస్, పైథాన్ కొనక్కర్లేదు. ఎన్ని యంత్రాల్లో వేసుకున్నా చట్టం తప్పు పట్టదు. సి ప్రోగ్రాములకు జి.సి.సి. చాలు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి ఈ దారినే నడుస్తున్నాయి. డిగ్రీ కాలేజీకి చేతకాదా?

ఇంకొక సంగతి. మన మార్కులు, ఫీజు వివరాలు ఉండే ఆఫీసు కంప్యూటర్లనూ లాబ్‌నూ ఒకే నెట్‌వర్క్‌లో కలపరాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ బోర్డు మీద సుద్దముక్కతో రాసే ఆచారమూ పోవాలి.

లాబ్ ఫీజు కట్టేది మనం. కనుక కొనుగోలు కమిటీలో విద్యార్థి ప్రతినిధి ఒకరుండాలని, ఆర్డరు పెట్టకముందే లైసెన్సుల జాబితా నోటీసు బోర్డులో పెట్టాలని యూనియన్ ఈ ఏడే ప్రిన్సిపాల్‌గారిని అడగాలి.