ఆ దారిన పోయొచ్చినవాళ్లు

1952లో న్యూయార్కులో క్యాన్సర్ వచ్చి రొమ్ము తీయించుకున్న టెరెస్ లాసర్, అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్ల మంచాల దగ్గరికెళ్లి మాట్లాడటం మొదలుపెట్టింది. డాక్టర్లు కొందరికి అది నచ్చలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే ఆ పనిని అందుకుంది. 2007లో హైదరాబాదులో మొదలైన ఉషాలక్ష్మి ఫౌండేషన్‌ పేరు కూడా ఈ జబ్బుని దాటొచ్చిన ఒక గైనకాలజిస్టుదే.

అవనిగడ్డ నుంచో గుడివాడ నుంచో బెజవాడకి కీమో కోసం బస్సెక్కి వచ్చే మనిషికి మందు సంగతి డాక్టరు చెబుతాడు. నోరు పూస్తే గోంగూర జోలికి పోవద్దనీ, పెరుగన్నం మెత్తగా పిసికి తినమనీ, రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుంది గనక ముందే పొట్టిగా కత్తిరించుకోమనీ, ‘నాకూ ఇలాగే అయింది వదినా’ అంటూ చెప్పేది వేరేవాళ్లు. వాళ్లు మందులు మార్చకూడదు, ఆకు పసర్లు అంటగట్టకూడదు. అందుకే శిక్షణ కావాలి. మన ఆసుపత్రులు వారానికో పూట, ఓ గది ఇస్తే బాగుండు. అలాంటివాళ్ల మాటలే ఈ సంచిక నిండా.