గుడిసె వేసినామె దొంగా?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, రావిర్యాల)

వార్షిక సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రుడు అడిగినప్పుడు, సైన్సు చదివేవాణ్ణి గనుక చంద్రయాన్ గురించో, కాంతి వేగం గురించో రాద్దామనుకున్నాను. రెండు పేజీలు రాశాను కూడా. చించేశాను. ఎందుకంటే రెండేళ్లుగా నా కడుపులో ఒక మాట ఉంది. అది ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నాకు నిద్ర పట్టదు. కనుక ఈ వ్యాసం.

మాది రావిర్యాల. రంగారెడ్డి జిల్లా, మహేశ్వరం మండలం. ఊరిపేరు చెప్పగానే పట్నం మిత్రులు "ఓ, వండర్‌లా దగ్గరా!" అంటారు. అవును, ఆ రంగులరాట్నాల దగ్గరే. అయితే ఆ గేటుకు ఇవతల కూడా మనుషులున్నారు. 2006లో మా దగ్గర ఫ్యాబ్ సిటీ వస్తుందన్నారు. సుమారు పన్నెండు వందల ఎకరాల్లో కంప్యూటర్ చిప్పులు తయారవుతాయన్నారు. చిప్పుల కార్ఖానా రాలేదు గానీ భూమి రేటు మాత్రం వచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచారు. ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు. ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు, మా ఊరి నుంచి ఆమన్‌గల్ దాకా పెద్ద రోడ్డు అంటున్నారు. ఎకరాల్లో మాట్లాడుకునే ఊరు ఇప్పుడు గజాల్లో మాట్లాడుతున్నది. జొన్న చేను చూసి "ఎన్ని గింజలైతయి" అని అడిగేవాడు లేడు, "రోడ్డు ఫేసింగేనా" అని అడిగేవాడే.

ఇక అసలు సంగతి. 2023 ఎండాకాలంలో మా చెలక పక్కన ఉన్న సర్కారు బీట్లో ఒక్క రాత్రిలో ఇరవై దాకా గుడిసెలు లేచాయి. నాలుగు కర్రలు, పైన టార్పాలిన్, కొన్నింటికి పాత చీరెలే గోడలు. తెల్లారి నాయిన నీళ్లు పెట్టడానికి పోయి చూసి ఉరుక్కుంటూ ఇంటికి వచ్చాడు. "ఇయ్యాల సర్కారు జాగల ఏసిండ్రు, రేపు మన గట్టు దాటుతరు" అన్నాడు. పక్క చెలకల వాళ్లు నలుగురు జమైనారు. దరఖాస్తు ఇవ్వాలని తీర్మానం. రాసేదెవరు? ఇంటర్ పాసై, మంచి అక్షరాలు గలవాణ్ణి నేనే. "నిరుపేదలమని చెప్పుకుంటూ కొందరు ప్రభుత్వ భూమిని అక్రమంగా ఆక్రమించి" అని మొదలుపెట్టి పేజీన్నర రాశాను. నా భాష చూసి నేనే మురిసిపోయాను. అయిదుగురు సంతకాలు పెట్టారు, ఒకరు వేలిముద్ర.

వారం తిరక్కుండా జె.సి.బి. వచ్చింది. నేను చూడటానికి పోయాను, అది కూడా ఒప్పుకోవాలి. మూడో గుడిసె ముందర బిందె, పొయ్యిరాళ్లు సర్దుకుంటూ ఒకామె కనపడింది. పదేళ్లుగా మా పత్తిచేన్లో కలుపు తీసినామె. నాకు అన్నం తినిపించినామె. నేను ఆమెను చిన్నమ్మా అని పిలుస్తాను. భర్త లేడు, ఇద్దరు పిల్లలు, ఊళ్లో కిరాయి గది. నన్ను చూసి కోపం చేయలేదు. "నువ్వే రాసినవంట గద బిడ్డా. మస్తుగ రాసినవని ఆఫీసుల సదివిండ్రు" అన్నది. అంతే. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఖాళీ సర్కారు జాగలో గుడిసె వేసినామె దొంగా?

మా నాయిన భయం ఉత్తది కాదు. అది కూడా చెప్పాలి, లేకపోతే నేను రైతుబిడ్డను కాను. పట్నం చుట్టుపక్కల రైతుకు కబ్జా అంటే ఏమిటో తెలుసు. ఒకరోజు హద్దురాళ్లు మాయమైతయి, ఇంకోరోజు ఎవరిదో పేరుతో బోర్డు లేస్తుంది, ఆ తర్వాత పదేండ్లు కోర్టు మెట్లు. ఈ బెడద ఎంత పాతదంటే, 1982లోనే భూ కబ్జాల నిషేధ చట్టం తేవలసి వచ్చింది. కాని మిత్రులారా, ఆ కబ్జాదారు కారులో వస్తాడు, కాగితాలతో వస్తాడు, మనుషులతో వస్తాడు. చీరె గోడ కట్టుకున్నామె గట్టు దాటి రాలేదు. మనం భయపడేది ఒకణ్ణి చూసి, జె.సి.బి. పంపేది ఇంకొకరి మీదికి.

ఇంకొక ముచ్చట. ఆ గొడవైన కొన్ని నెలలకు పాసుపుస్తకంలో ఏదో తప్పు సరిచేయించాలని నాయిన ఇనప్పెట్టె తెరిచాడు. పాత పహాణీ నకళ్లు చదివి చెప్పే పని నాకు పడ్డది. తాత పేరు ఎదురుగా "శివాయి జమాబందీ" అని ఉంది. ఏందిది అని అడిగితే నాయిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆ చెలక మొదట సర్కారు కంచె. తాత ముళ్లపొదలు కొట్టి, రాళ్లు ఏరి, పట్టా లేకుండానే దున్నాడు. అట్లా దున్నుకున్న వాళ్ల నుంచి సర్కారు జుర్మానాతో సహా శిస్తు వసూలు చేసి, పహాణీలో ఆ మాట రాసేది. అట్ల కొన్నేండ్లు దున్నిన తర్వాత తాతకు లావణి పట్టా ఇచ్చారు. అంటే ఏమన్నమాట? నేను తిన్న అన్నం, నేను చదివిన చదువు, ఒకప్పటి ఆక్రమణ మీద పండిందే! తాత దున్నితే సాగు, చిన్నమ్మ కర్ర పాతితే కబ్జా! నాయినతో ఈ మాటే అన్నాను. "గప్పుడు భూమికి ధర లేకుండె బిడ్డా" అన్నాడు. నేను చదివిన అర్థశాస్త్రం పుస్తకాల్లో ఇంతకంటే సూటి వాక్యం నాకు కనపడలేదు.

నిజమే, ధరే నేరాన్ని పుట్టిస్తున్నది. 2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారు భూమి వేలం వేస్తే ఒక ఎకరం వంద కోట్ల డెబ్బై అయిదు లక్షలు పలికింది. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. ఆ పాట పాడిన కంపెనీ ఆ ధరను ఎవరి నెత్తిన వేస్తుంది? ఇల్లు కొనేవాడి నెత్తిన. ఆ వేడి ఔటర్ రింగు రోడ్డు వెంబడి తిరిగి తిరిగి మా ఊరి దాకా వస్తుంది. చిన్నమ్మ నెలంతా కూలికి పోయి, ఒక్క పైసా తినకుండా దాచినా మా ఊళ్లో ఒక్క గజం జాగ రాదు. ఆమెను "కష్టపడి కొనుక్కోవచ్చు గదా" అనేవాళ్లు ఒకసారి కూడికలు తీసివేతలు చేసి చూడాలి.

సర్కార్లు ఏమీ చేయలేదని అనను. 2015లో డబుల్ బెడ్రూం ఇళ్లు మొదలుపెట్టారు. 2023 జూన్‌లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు ప్రారంభించారు, అది చిన్న విషయం కాదు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభమైంది. ఇల్లు కట్టుకోవడానికి అయిదు లక్షలు. అయితే ముందుగా సొంత జాగ ఉన్నవాళ్లకు! జాగ ఉన్నోడికి ఇల్లు, జాగ లేనోడికి వరుస.

ఇంకో సంగతి వినండి. 2014 డిసెంబరులో 58, 59 నంబర్లతో రెండు జీవోలు వచ్చాయి. సర్కారు జాగలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ, అంతకు మించితే డబ్బు కట్టి చేయించుకోవాలి. 2014 జూన్ 2 నాటికి ఉన్నవాళ్లకని మొదట గడువు పెట్టి, 2023లో దాన్ని 2020 జూన్ 2 దాకా పొడిగించారు. నేను దీన్ని తప్పు పట్టను. కాని దీని అర్థం ఏమిటి? ఆక్రమణ తప్పు కాదు, తేదీ దాటిన ఆక్రమణే తప్పు! గోడ లేచినవాడు దరఖాస్తుదారు, టార్పాలిన్ దగ్గరే దొరికినవాడు నేరస్తుడు.

ఇళ్ల జాగలు అడిగినందుకు ప్రాణాలు పోయిన నేల మనది. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో ఏం జరిగిందో జూనియర్ మిత్రులకు తెలియకపోవచ్చు. సాగుభూమి, ఇళ్లస్థలాల కోసం వామపక్షాలు బంద్ చేస్తే పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అప్పుడు నేను పాలు తాగే పిల్లవాణ్ణి. ఇన్నేళ్లలో ఆ డిమాండు తీరలేదు. వరంగల్ జక్కలొద్దిలో, మాకు దగ్గరే ఉన్న కుంట్లూరులో ఎర్రజెండాల కింద గుడిసెలు లేచింది ఈ మధ్యనే.

ఇది మన ఒక్కచోటి తగువు కాదు. నెదర్లాండ్స్‌లో ఖాళీ ఇళ్లల్లో చొరబడి ఉండటాన్ని 2010లో నేరం చేశారు, ఇంగ్లండులో 2012లో చేశారు. చట్టం అయితే చేశారు గానీ ఆ దేశాల్లో ఇంటి కిరాయిలు దిగాయా? మన సుప్రీంకోర్టు 1985లోనే బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో, బతికే హక్కులో జీవనోపాధి కూడా ఉందన్నది. అదే తీర్పులో ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు మాత్రం ఎవరికీ లేదన్నది. సగం గ్లాసు నీళ్లిచ్చి గ్లాసు లాక్కున్నట్టు ఉంటుంది చదువుతుంటే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నిలువ నీడలేనివాళ్లు 17 లక్షల పైచిలుకు, పట్టణాల్లో తాళం వేసి ఉన్న ఖాళీ ఇళ్లు కోటి దాటాయి. వ్యాఖ్యానం అక్కరలేదు.

మా గదిలో వాదన జరిగినప్పుడు ఒక మిత్రుడు గట్టిగానే అడిగాడు: "గుడిసెలోళ్లల్ల సగం మంది దళారులే కదరా? ఇయ్యాల ఏస్తరు, రేపు నోటరీ కాగితం మీద అమ్ముకుంటరు." సగం కాదు గానీ ఉన్నారు. మా బీట్లో కూడా ఊళ్లో రెండంతస్తుల ఇల్లున్నోడు ఒకడు కర్ర పాతాడు. అతని గుడిసె తీసేసినందుకు నాకు బాధ లేదు. చెరువు శిఖంలో, నాలా మీద గుడిసె వేసినా నేను సమర్థించను. వాన వస్తే మొదట మునిగేది వాళ్లే. అయినా ఎవరికి ఇల్లుంది, ఎవరికి లేదని కనుక్కోవడం అంత బ్రహ్మవిద్యా? ఊళ్లో అడిగితే చిన్నపిల్లవాడు చెప్తాడు. అరవై గజాల జాగ, ఆడమనిషి పేరు మీద, అమ్మరాదన్న షరతుతో ఇచ్చి చూడండి. మా తాతకు ఇచ్చిన లావణి పట్టాకూ అట్లాంటి షరతే ఉంది, అసైన్డు భూములు చేతులు మారకుండా 1977లో చట్టమే చేశారు. వేలం వేసే ప్రతి వంద ఎకరాల్లో అయిదు ఎకరాలు ఆ పనికి తీసిపెడితే ఖజానా మునిగిపోదు. అది చేయకుండా జె.సి.బి.ని పంపితే, మాబోటి అక్షరాలొచ్చినవాళ్లు దరఖాస్తులు రాస్తూనే ఉంటాం.

మనం మరీ పెద్దమనుషుల్లా మాట్లాడకూడదు కూడా. ఈ సంచిక చదువుతున్నవాళ్లలో ఎంతమంది హాస్టల్లో నాన్‌బోర్డర్లుగా ఉన్నాం? నేను ఒక సెమిస్టరంతా ఇంకొకరి గదిలో చాప మీద పడుకున్నాను. వార్డెన్ వస్తున్నాడంటే పెట్టె మంచం కిందికి తోసి టెర్రస్ ఎక్కేవాణ్ణి. బయట గది కిరాయి మా నాయిన పంపే డబ్బుకు మించి ఉండె. నేనేమీ దొంగనని అనుకోలేదు. ఇద్దరుండే గదిలో నలుగురం సర్దుకుంటే దాన్ని దోస్తానా అన్నాం.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చిన్నమ్మ ఇంటికి పోయాను. కోళ్లఫారం పక్కన రేకుల గది. కిరాయి పెరిగిందని చెప్పింది. ఇందిరమ్మ ఇళ్ల దరఖాస్తు ఆమెకు రాసిపెట్టింది కూడా నేనే. ఈసారి పేజీన్నర రాయలేదు, చిన్నచిన్న గళ్లు నింపానంతే. సర్వే అయిన తర్వాత ఆమె పేరు ఎల్-2 జాబితాలో వచ్చింది, అంటే ఇల్లూ లేదు, జాగా లేదు. టీ గ్లాసు చేతికిస్తూ "ఎల్ టూ అంటే మంచిదేనా బిడ్డా, ముందుగాల ఇస్తరా?" అని అడిగింది. ముందు ఎల్-1 వాళ్లకు, చిన్నమ్మా, అన్నాను. "ఆళ్లకు జాగ ఉన్నది గద" అన్నది.